ఎలక్ట్రిక్ కారు లీజా, ఉన్న పెట్రోల్ బండేనా? తేల్చేది నెలకు తిరిగే కిలోమీటర్లే

చిత్తూరు నుంచి వేలూరు సీఎంసీ ఆసుపత్రికి కారులో వెళ్లే చాలామందికి ఒక అలవాటు ఉంది. బయలుదేరేటప్పుడు సరిహద్దు దాటేంత పెట్రోల్ ఉంటే చాలనుకుంటారు. తమిళనాడులోకి అడుగుపెట్టాక మొదట కనిపించిన బంకులో ట్యాంకు నింపిస్తారు. పలమనేరు, పుంగనూరు వైపు వాళ్లు నంగిలి దాటాక కర్ణాటకలో ఇదే పని చేస్తారు. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో లీటరు పెట్రోల్ 110 రూపాయల దగ్గర ఉంటే తమిళనాడులో 101, కర్ణాటకలో 103 రూపాయల దగ్గర ఉంది. మన రాష్ట్రంలో పెట్రోల్ మీద 31 శాతం వ్యాట్, దానికి తోడు లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, ఇంకో రూపాయి రోడ్డు అభివృద్ధి సెస్సు ఉన్నాయి. ముప్పై లీటర్లు పోయిస్తే రెండు వందల యాభై రూపాయల దాకా తేడా.

ఇట్లా లీటరు లీటరుకు లెక్క చూసుకునే కుటుంబాలకు ఎలక్ట్రిక్ కారు ప్రకటన ఆశ పుట్టించడం సహజమే. ‘పెట్రోల్ ఖర్చు లేదు, బ్యాటరీ కొనక్కర్లేదు, తిరిగినంత వరకే అద్దె’ అని చెబుతుంటే ఇంటి ముందున్న ఎనిమిదేళ్ల పెట్రోల్ కారు ఒక్కసారిగా దండగలా కనిపిస్తుంది. తిరుపతి, చిత్తూరు, మదనపల్లెల్లో ఇప్పుడు చాలా ఇళ్లలో ఇదే చర్చ. పాత బండి అమ్మేసి ఎలక్ట్రిక్ కారు లీజుకు తీసుకుంటే మిగులుతుందా, లేక ఉన్నదాన్నే నడుపుకుంటే మంచిదా? కాగితం మీద లెక్క వేసి చూస్తే జవాబు ప్రకటనలో చెప్పినంత తేలికగా లేదు.

లీజు పేరుతో వస్తున్నది ఏమిటి?

కారు మొత్తాన్ని నెలవారీ అద్దెకు ఇచ్చే పద్ధతి మన దేశంలో ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరు, చెన్నై లాంటి నగరాల్లో కంపెనీ ఉద్యోగులకే అందుతోంది. చిన్న పట్టణాల దాకా వచ్చింది వేరే పద్ధతి. కారు కొనాలి, బ్యాటరీకి మాత్రం కిలోమీటరు లెక్కన కట్టాలి. 2024 సెప్టెంబరులో జేఎస్‌డబ్ల్యూ ఎంజీ కంపెనీ విండ్సర్ ఎలక్ట్రిక్ కారును ఈ పద్ధతిలోనే తెచ్చింది. షోరూం ధర 9.99 లక్షలు, బ్యాటరీకి కిలోమీటరుకు మూడున్నర రూపాయలు అని ప్రకటించింది. బ్యాటరీతో కలిపి కొనాలంటే ప్రారంభ ధర 13.50 లక్షలు. ఆ తర్వాత ధరలు, అద్దెలు మారుతూ వచ్చాయి. లెక్క తేలిగ్గా అర్థం కావడానికి ఇక్కడ మొదట ప్రకటించిన అంకెలనే తీసుకుందాం.

ఈ రెండు ధరల మధ్య తేడా 3.51 లక్షలు. దాన్ని కిలోమీటరు అద్దె మూడున్నరతో భాగిస్తే లక్ష కిలోమీటర్లు వస్తుంది. అంటే లక్ష కిలోమీటర్లు తిరిగేసరికి అద్దె రూపంలో బ్యాటరీ ధర మొత్తం కట్టేసినట్టే. బ్యాటరీ ఉచితంగా ఏమీ రాలేదు. ఒకేసారి కట్టాల్సిన డబ్బు కిలోమీటర్ల మీదికి మారింది, అంతే.

ఇంకో మెలిక కూడా ఉంది. ఇలాంటి స్కీముల్లో కొన్నింటికి నెలకు 1500 కిలోమీటర్ల కనీస బిల్లు ఉంటుంది. బండి నెలలో 500 కిలోమీటర్లే తిరిగినా 1500కి కట్టాలి. మూడున్నర చొప్పున 5,250 రూపాయలు. ‘తిరిగినంత వరకే అద్దె’ అన్న మాట అక్కడితో సరి. ఈ ఒక్క షరతే చాలా కుటుంబాల లెక్కను తలకిందులు చేస్తుంది.

పాత పెట్రోల్ బండికి నిజంగా ఎంతవుతోంది?

ఉదాహరణకు ఒక కుటుంబాన్ని అనుకుందాం. ఎనిమిదేళ్ల కిందట కొన్న చిన్న పెట్రోల్ కారు. లోన్ ఎప్పుడో తీరిపోయింది. పిల్లల స్కూలు, అంగడి, జుమా నమాజు, నెలకొకసారి వేలూరో తిరుపతో. ఏడాదిలో ఒకసారి కడప పెద్ద దర్గాకు, బెంగళూరులో బంధువుల వలీమాకు. ఊర్లో, హైవేలో కలిపి ఏసీతో లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే కిలోమీటరుకు పెట్రోల్ ఖర్చు 7 రూపాయల 33 పైసలు.

దీనికి సర్వీసు, టైర్లు, ఇన్సూరెన్సు, అప్పుడప్పుడు వచ్చే రిపేర్లు కలపాలి. ఏడాదికి 33 వేలు వేసుకుంటే నెలకు 2,750. నెలకు 600 కిలోమీటర్లు తిరిగే ఇంట్లో పెట్రోల్ 4,400, మిగతావి 2,750, మొత్తం 7,150 రూపాయలు జేబులోంచి పోతాయి. 1500 కిలోమీటర్లు తిరిగితే 13,750. నెలకు 3000 కిలోమీటర్లు తిప్పితే పెట్రోలుకే 22 వేలు. సర్వీసు ఖర్చు కూడా పెరుగుతుంది కాబట్టి మొత్తం 26 వేల దాకా పోతుంది.

పెట్రోల్ ఖర్చు వారం వారం కళ్లకు కనబడుతుంది. అందుకే బాధ ఎక్కువ అనిపిస్తుంది. కారు విలువ తగ్గడం మాత్రం ఎవరికీ కనబడదు. కొత్త కారు మొదటి కొన్నేళ్లలోనే విలువలో పెద్ద భాగం పోగొట్టుకుంటుంది. ఎనిమిదేళ్ల బండి ఆ దెబ్బ ఎప్పుడో తినేసింది. ఈరోజు మూడు లక్షలు పలికే కారు వచ్చే ఏడాది రెండు లక్షల డెబ్బై వేలు పలికితే నష్టం ముప్పై వేలు. పది లక్షలు పెట్టిన కొత్త కారుకు మొదటి ఏడాది లక్షకు పైనే తగ్గుతుంది. పాత బండి చవగ్గా ఉండడానికి అసలు కారణం ఇదే.

కరెంటు బిల్లులో దాగిన స్లాబు

ఎలక్ట్రిక్ కారుకు కిలోమీటరుకు రూపాయి లోపే అవుతుందని చెప్పేవాళ్లు సాధారణంగా ఇంటి కరెంటు యూనిట్‌ను నాలుగైదు రూపాయలుగా లెక్క వేస్తారు. మన దగ్గర ఇళ్ల టారిఫ్ అట్లా ఉండదు. ఏపీలో మొదటి 30 యూనిట్లకు రూపాయి 90 పైసలు, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా నాలుగున్నర, 225 దాకా 6, 400 దాకా 8 రూపాయల 75 పైసలు, ఆ పైన 9 రూపాయల 75 పైసలు. కారుకు వాడే యూనిట్లు ఇంటి వాడకం మీద పైన చేరతాయి. కాబట్టి వాటికి పడేది కింది స్లాబు కాదు, పై స్లాబు.

ఇంట్లో ఫ్రిజ్, ఫ్యాన్లు, ఒక ఏసీతో నెలకు 200 యూనిట్లు కాలుతున్నాయనుకోండి. చార్జింగ్‌లో పోయే నష్టంతో కలిపి కారు యూనిట్‌కు 6 కిలోమీటర్లు ఇస్తే, వెయ్యి కిలోమీటర్లకు 167 యూనిట్లు కావాలి. అందులో 25 యూనిట్లు ఆరు రూపాయల స్లాబులో, మిగతా 142 యూనిట్లు 8 రూపాయల 75 పైసల స్లాబులో పడతాయి. మొత్తం సుమారు 1,390 రూపాయలు. ఇంధన సర్దుబాటు చార్జీలు కలిపితే కిలోమీటరుకు దాదాపు రూపాయిన్నర. పెట్రోలుతో పోలిస్తే ఇది చాలా తక్కువే, సందేహం లేదు. కానీ బ్యాటరీ అద్దె మూడున్నర కలిపితే ఐదు రూపాయలవుతుంది. బయట ఫాస్ట్ చార్జింగ్ స్టేషన్లలో యూనిట్ ఇరవై రూపాయల దగ్గర పడితే కరెంటుకే కిలోమీటరుకు మూడు రూపాయలు దాటుతుంది. అప్పుడు అద్దెతో కలిపి పెట్రోల్ ఖర్చుకు దగ్గరగా వచ్చేస్తుంది.

అద్దె ఇళ్లలో ఉండేవాళ్లకు ఇంకో సమస్య. కారు పెట్టే చోట ప్లగ్ పాయింట్ ఉండాలి, దానికి ఇంటి ఓనరు ఒప్పుకోవాలి. పాత వీధుల్లో కారు ఇంటికి నాలుగు సందుల అవతల పెట్టుకునేవాళ్లు చాలామంది. వాళ్లకు ఇంటి చార్జింగ్ అనే మాటే వర్తించదు.

రెండూ పక్కపక్కన పెడితే

ఇప్పుడు ఆ కుటుంబం పాత కారును మూడు లక్షలకు అమ్మి, బ్యాటరీ అద్దె పద్ధతిలో ఎలక్ట్రిక్ కారు తీసుకుందనుకుందాం. రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు, ఇంట్లో చార్జర్ పాయింట్ అన్నీ కలిపి పదిన్నర లక్షలు అవుతుందనుకుంటే ఇంకా ఏడున్నర లక్షలు కావాలి. దాన్ని తొమ్మిదిన్నర శాతం వడ్డీకి ఐదేళ్ల లోన్ తీసుకుంటే నెలకు 15,750 ఈఎంఐ. ఐదేళ్లలో వడ్డీగా పోయేది 1 లక్షా 95 వేలు. కొత్త కారు ఇన్సూరెన్సు, సర్వీసు కలిపి నెలకు 3,000 వేసుకుందాం.

నెలకు 600 కిలోమీటర్లు తిరిగితే: పాత పెట్రోల్ కారుకు 7,150. ఎలక్ట్రిక్ కారుకు కనీస బ్యాటరీ అద్దె 5,250, కరెంటు 900, ఇన్సూరెన్సు, సర్వీసు 3,000, ఈఎంఐ 15,750. మొత్తం 24,900.

నెలకు 1500 కిలోమీటర్లు తిరిగితే: పెట్రోల్ కారుకు 13,750. ఎలక్ట్రిక్ కారుకు 26,250.

నెలకు 3000 కిలోమీటర్లు తిరిగితే: పెట్రోల్ కారుకు 26,000. ఎలక్ట్రిక్ కారుకు 33,750.

ఈఎంఐ వల్లే ఇంత తేడా కదా, చేతిలో డబ్బున్నవాళ్ల సంగతేంటి అని అడగొచ్చు. ఈఎంఐ తీసేసి చూద్దాం. 600 కిలోమీటర్లు తిరిగే ఇంట్లో ఎలక్ట్రిక్ కారు నెల ఖర్చు 9,150. పెట్రోల్ కారు ఖర్చు 7,150. అంటే ఏడున్నర లక్షలు చేతి నుంచి పెట్టిన తర్వాత కూడా నెలకు రెండు వేలు ఎక్కువే పోతుంది. 1500 కిలోమీటర్లు తిరిగితే నెలకు 3,250 మిగులుతుంది. ఆ లెక్కన ఏడున్నర లక్షలు తిరిగి రావడానికి 19 ఏళ్లు పడుతుంది. 3000 కిలోమీటర్లు తిరిగితే నెలకు 8,000 మిగిలి, ఎనిమిదేళ్ల లోపు తిరిగి వస్తుంది.

కొత్త కారుకు అమ్మకపు విలువ ఉంటుంది, పాత కారు ఎప్పుడో ఒకరోజు మూలన పడుతుంది, కొత్తదాంట్లో భద్రత, సౌకర్యం ఎక్కువ. ఇవన్నీ నిజమే. పాత బండికి ఇంజిన్ పని పెద్దది వస్తే ఒకేసారి డెబ్బై ఎనభై వేలు అవ్వొచ్చు. దానికోసం లక్ష రూపాయలు పక్కన పెట్టుకున్నా ఏడున్నర లక్షలతో దానికి పోలికే లేదు.

ఆర్టీసీ ఎందుకు లీజుకు వెళ్లింది?

మరి లీజు అంటే నష్టమేనా? కాదు. దానికి తిరుపతిలోనే మంచి ఉదాహరణ ఉంది. అలిపిరి డిపో నుంచి తిరుమల ఘాట్ ఎక్కే ఎలక్ట్రిక్ బస్సుల్ని ఏపీఎస్‌ఆర్టీసీ కొనలేదు. కేంద్రం ఫేమ్-2 పథకం కింద తిరుపతికి 100 ఎలక్ట్రిక్ బస్సులు మంజూరయ్యాయి. వాటిని ఈవీ ట్రాన్స్ అనే కంపెనీ నడుపుతుంది, ఆర్టీసీ కిలోమీటరు లెక్కన డబ్బు కడుతుంది. ఒప్పందం 12 ఏళ్లకు. 2022 సెప్టెంబరు చివర్లో బ్రహ్మోత్సవాల సమయంలో ఇవి మొదలయ్యాయి. వంద బస్సుల్లో యాభై తిరుమల ఘాట్‌కే కేటాయించారు. మిగతావి రేణిగుంట విమానాశ్రయం, మదనపల్లె, కడప, నెల్లూరు రూట్లకు.

ఆర్టీసీకి ఈ లెక్క ఎందుకు కుదిరింది? బస్సు తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా తిరుగుతూనే ఉంటుంది. తిరిగే ప్రతి కిలోమీటరుకు డీజిల్ ఆదా అవుతుంది. బ్యాటరీ పాడైతే, బస్సు ఆగిపోతే ఆ తలనొప్పి కంపెనీది. కేంద్రం సబ్సిడీ కూడా ఉంది. కుటుంబం కారు విషయంలో ఈ మూడూ తిరగబడతాయి. కారు రోజులో ఇరవై రెండు గంటలు ఇంటి ముందే నిలబడి ఉంటుంది. ప్రమాదం జరిగినా, అమ్మకపు ధర పడిపోయినా భారం ఓనరు మీదే. ఇక సబ్సిడీ అంటారా, 2024 అక్టోబరు నుంచి వచ్చిన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో సొంత వాడకం కార్లకు చోటు లేదు. టూవీలర్లు, త్రీవీలర్లు, బస్సుల్లాంటి వాటి కోసమే దాన్ని తెచ్చారు.

ఫ్రాన్స్‌లోనూ ఇదే సూత్రం కనిపిస్తుంది. అక్కడ ప్రభుత్వం 2024 జనవరిలో తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు నెలకు సుమారు వంద యూరోలకే ఎలక్ట్రిక్ కారు లీజు పథకం పెట్టింది. దాదాపు 50 వేల మందితో కోటా నిండిపోయి కొన్ని వారాలకే ఆపేయాల్సి వచ్చింది. అందులో అర్హతకు ఒక షరతు పెట్టారు: పనిచేసే చోటు ఇంటికి 15 కిలోమీటర్లకు పైన ఉండాలి, లేదా ఉద్యోగం కోసం ఏడాదికి 8 వేల కిలోమీటర్లకు పైగా కారు నడపాలి. అంత డబ్బున్న దేశం కూడా లీజు కారును ఎక్కువ తిరిగేవాళ్లకే ఇచ్చింది. అమెరికాలో ఎలక్ట్రిక్ కార్లు లీజుకు ఎక్కువగా పోవడానికి కారణం వేరు. లీజు కంపెనీకి దక్కే 7,500 డాలర్ల పన్ను రాయితీ నెలవారీ అద్దెలో తగ్గేది. 2025 సెప్టెంబరు 30తో ఆ రాయితీ ఆగిపోయింది. అక్కడి బంధువులు ‘మేం లీజుకు తీసుకున్నాం, చాలా చవక’ అని చెప్పిన మాటను ఇక్కడి లెక్కకు తగిలించడం సరికాదు.

అద్దె అనుకుంటే వడ్డీ అయితే?

ముస్లిం కుటుంబాల్లో ఈ లీజు మీద ఆసక్తికి ఇంకో కారణం ఉంది. వడ్డీ లోన్ ఇష్టం లేక కొత్త కారు జోలికి వెళ్లనివాళ్లు చాలామంది. కిరాయి అయితే వడ్డీ కాదు కదా అన్నది వాళ్ల ఆలోచన. వస్తువును కిరాయికి ఇచ్చే ఇజారా ఒప్పందం షరీయత్‌లో ఉన్నదే. అయితే కాగితం మీద కిరాయి అని రాసి ఉన్నంత మాత్రాన అది ఇజారా అయిపోదు.

బహ్రెయిన్ కేంద్రంగా ఇస్లామిక్ ఆర్థిక సంస్థలకు ప్రమాణాలు రూపొందించే ఆయోఫి సంస్థ ఇజారాకు కొన్ని షరతులు పెట్టింది. వస్తువు నిజంగా ఇచ్చేవాడి సొంతమై ఉండాలి. వాడే వాడి తప్పు లేకుండా అది పాడైతే నష్టం యజమానిదే. పెద్ద మరమ్మతులు యజమానివే. కిరాయి ఆలస్యమైతే వేసే జరిమానాను యజమాని తన లాభంగా తీసుకోకూడదు.

బ్యాటరీ అద్దె స్కీముల కాగితాలను ఈ షరతుల పక్కన పెట్టి చదవాలి. ఫైనాన్స్ కంపెనీ బ్యాటరీని తన పేరు మీద ఉంచుకుని కిరాయికి ఇస్తోందా? లేక బ్యాటరీ ధరను అప్పుగా ఇచ్చి, ఆ అప్పును కిలోమీటర్ల లెక్కన వసూలు చేస్తోందా? రెండోది అయితే అది పేరు మార్చిన లోనే. ఆలస్య రుసుము ఎవరికి పోతుంది, బ్యాటరీ కాలిపోతే మిగతా వాయిదాలు కట్టాలా వద్దా అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే సగం విషయం తేలిపోతుంది. మిగతా సగం ఆ కాగితాలు తీసుకెళ్లి తెలిసిన ముఫ్తీ సాహెబ్‌కు చూపిస్తే తేలుతుంది. పైగా బ్యాటరీ ఒక్కటే కిరాయి, కారు మాత్రం మామూలు లోన్ మీదే వస్తుందన్నది చాలామంది మరిచిపోతున్నారు. మన దేశంలో బ్యాంకులు వడ్డీ లేని ఇస్లామిక్ పద్ధతిలో కారు ఇవ్వవు. ఆ ప్రతిపాదనతో ముందుకు వెళ్లడం లేదని 2017లోనే రిజర్వు బ్యాంకు చెప్పేసింది.

పాత బండి మీద ఉన్న భయాలు

పాత కారు ఉంచుకోవాలనుకునేవాళ్లను వాట్సాప్ సందేశాలు భయపెడుతున్నాయి. పదిహేనేళ్లు దాటితే బండి తుక్కుకే అన్నది వాటిలో ఒకటి. ఢిల్లీలో పాత వాహనాల మీద ఉన్న ఆంక్షలు ఆంధ్రప్రదేశ్‌కు వర్తించవు. పదిహేనేళ్లు నిండాక ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ రెన్యూవల్ చేయించుకోవచ్చు. 2022 ఏప్రిల్ నుంచి కారుకు ఈ ఫీజు 5 వేలు. ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో 10 వేలు చేశారు. ఇవి కాక గ్రీన్ ట్యాక్స్ ఉంటుంది. ఎనిమిదేళ్ల బండికి ఇప్పుడే ఆ దిగులు అక్కర్లేదు.

ఈ20 పెట్రోల్ సంగతి కొంత నిజం. ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ వల్ల పాత డిజైన్ కార్లలో మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గొచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే అంచనా వేసింది. 15 కిలోమీటర్లు ఇచ్చే బండి 14 ఇస్తే కిలోమీటరుకు 50 పైసలు ఎక్కువవుతుంది. 600 కిలోమీటర్లకు నెలకు మూడు వందలు. బాధే, కానీ ఏడున్నర లక్షలు పెట్టేంత బాధ కాదు.

పాత కారు అమ్మకం ధర మీద కూడా ఆశలు తగ్గించుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోల్ కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. సెస్సు కూడా పోయింది. ఎలక్ట్రిక్ కార్లకు ఎప్పటిలాగే 5 శాతం. కొత్త చిన్న కారు చవకైతే సెకండ్ హ్యాండ్ ధర కూడా దిగుతుంది.

మరి ఎవరికి లాభం?

ఇప్పటిదాకా చూసింది నడుస్తున్న పాత బండికి, కొత్త ఎలక్ట్రిక్ కారుకు పోలిక. పాత బండి నిజంగా మూలన పడి, ఎట్లాగూ కొత్త కారు కొనాల్సిందే అంటే లెక్క మారుతుంది. పది లక్షల పెట్రోల్ కారుకైనా ఈఎంఐ దాదాపు అంతే కాబట్టి దాన్ని పక్కన పెట్టొచ్చు. కొత్త పెట్రోల్ కారు లీటరుకు 17 ఇస్తే కిలోమీటరుకు ఆరున్నర రూపాయలు. ఎలక్ట్రిక్ కారు కనీస అద్దె 5,250, కరెంటు కిలోమీటరుకు రూపాయిన్నర. ఈ రెండు ఖర్చులు నెలకు 1,050 కిలోమీటర్ల దగ్గర సమానమవుతాయి. అంటే వెయ్యి కిలోమీటర్లే గీత. దానికి లోపల పెట్రోల్, దానికి పైన ఎలక్ట్రిక్.

గీత దాటి బాగా తిరిగేవాళ్లకు అసలు బ్యాటరీ అద్దె కంటే బ్యాటరీతో కలిపి కొనడమే మేలు. అదనంగా పెట్టే మూడున్నర లక్షలు కిలోమీటరుకు ఐదు రూపాయల ఆదాతో 70 వేల కిలోమీటర్లలో వచ్చేస్తాయి. నెలకు 1500 తిరిగేవాళ్లకు అది నాలుగేళ్లు. చాలా కంపెనీల బ్యాటరీ వారంటీ ఎనిమిదేళ్లు లేదా లక్షా అరవై వేల కిలోమీటర్లు కాబట్టి తర్వాతి ఏళ్లన్నీ లాభమే. తిరుపతి నుంచి రోజూ చిత్తూరుకు ఉద్యోగానికి వెళ్లొచ్చే మనిషికి రానూ పోనూ 140 కిలోమీటర్లు. ఆయన నెలకు మూడు వేలు దాటేస్తాడు. సొంత ఇల్లు, ఇంటి ముందు చార్జింగ్, మేడ మీద సోలార్ ప్యానెళ్లు ఉంటే ఆయనకు ఎలక్ట్రిక్ కారు నిజంగానే వరం. పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్ల సోలారుకు 78 వేల దాకా సబ్సిడీ ఉంది. రాయలసీమ ఎండకు కరెంటు కొదవ ఉండదు.

తక్కువ తిరిగే ఇంటికి మధ్య దారి ఒకటుంది. రోజువారీ ఊర్లో పనులకు ఎలక్ట్రిక్ స్కూటరు, ఇంటిల్లిపాదీ కదిలే రోజుకు పాత పెట్రోల్ కారు. స్కూటరుకు లక్ష, లక్షా పాతిక. దాని చార్జింగ్‌కు పట్టే యూనిట్లు ఇంటి బిల్లులో పెద్దగా కనబడవు. కారు 600 నుంచి 300 కిలోమీటర్లకు తగ్గితే నెలకు రెండు వేల రూపాయల పెట్రోల్ అక్కడే మిగులుతుంది.

సంతకం పెట్టేముందు

అయినా లీజుకే మొగ్గేవాళ్లు షోరూంలో కొన్ని ప్రశ్నలు అడిగి, జవాబులు రాతపూర్వకంగా తీసుకోవాలి. నెలకు కనీస కిలోమీటర్లు ఎన్ని? ఒక నెల తక్కువ తిరిగితే ఆ కిలోమీటర్లు తర్వాతి నెలకు వస్తాయా? అద్దె ప్రతి ఏడాది పెరుగుతుందా? అద్దె ఎన్నేళ్లకు ముగుస్తుంది, ముగిశాక బ్యాటరీ ఎవరిది? మధ్యలో కారు అమ్మాలంటే ఫైనాన్స్ కంపెనీ ఎన్ఓసీకి ఎంత కట్టాలి, కొనేవాడు ఆ ఒప్పందాన్ని తీసుకోవాల్సిందేనా? రెండు నెలలు కట్టలేకపోతే బండిని ఆపేసే హక్కు వాళ్లకు ఉందా?

వీటన్నిటికంటే ముందు ఇంట్లోనే చేసుకోగల పని ఒకటుంది. ఈరోజు కారు మీటరు మీద ఉన్న అంకె క్యాలెండరులో రాసుకోవాలి. మూడు నెలల తర్వాత మళ్లీ చూసి మూడుతో భాగించాలి. అంకె వెయ్యికి లోపల ఉంటే పాత బండికి సర్వీసు చేయించి, టైర్లు మార్చి నడుపుకోవడమే మంచిది. పెట్రోల్ బంకులో పోయే వందలు కంటికి కనబడి బాధపెడతాయి, ఈఎంఐలో పోయే వేలు అకౌంటు నుంచి చప్పుడు లేకుండా పోతాయి. ఆ ఏడున్నర లక్షలు పిల్ల చదువుకో, పెళ్లికో, అమ్మానాన్నల హజ్‌కో దాచుకున్నవైతే, వాటిని నెలలో ఆరు వందల కిలోమీటర్లు తిరిగే బండి కోసం ఖర్చుపెట్టే ముందు ఆ మూడు నెలలు ఆగడంలో నష్టమేమీ లేదు.